పూత గీకని తీగ

మా అక్క మొగుడు పానగల్లులో మగ్గం నేసేవాడు. నూలు సరిగ్గా దొరకక నెలలో సగం రోజులు మగ్గం ఊరికే ఉండే కాలం అది. నేను నల్లగొండలో బడిపంతులును. బడిలో మూగబోయిన కరెంటు గంటను ఒకసారి మోగించినందుకు, చుట్టాల్లో నాకు కరెంటు సంగతి తెలిసినవాడినని పేరు పడింది. ఆ పేరును నేను కాదనలేదు. నిజానికి నాకు తెలిసింది ఒక్కటే: తీగ మీది తొక్క తీస్తే రాగి మెరుస్తుంది, మెరిసే రాగిని ఇంకో రాగికి చుడితే కరెంటు పోతుంది.

అరవైల చివర్లో హైదరాబాదులో ఒక పెళ్ళికి పోయి, పందిట్లో థర్మోకోల్ అక్షరాలు చూసి వచ్చాను. వాటిని కరెంటుతో కాలే తీగతో కోస్తారని అక్కడ ఎవరో చెప్పారు. బావ చీర కొంగు మీద నెమలిని నేస్తే అది మెడ తిప్పి చూస్తున్నట్టుండేది. అలాంటి చేతికి అక్షరాలు కోయడం ఒక లెక్కా అనుకున్నాను. "ఇది పట్టుకున్నవంటే పెండ్లిళ్ళ కాలమంత పనే బావా, నూలు కోసం ఎదురుచూసే బాధ తప్పుతది" అన్నాను. ఆయన నమ్మాడు. నల్లగొండలో ఒక బియ్యం మిల్లు వాళ్ళింట్లో పెళ్ళికి 'స్వాగతం', పిల్లా పిల్లగాడి పేర్లు కోసి ఇస్తానని మాట కూడా ఇచ్చి వచ్చాడు. పెళ్ళి ఆదివారం. నా బడికి సెలవులు కాబట్టి, సోమవారం బావ ఇంట్లోనే మేము పని మొదలుపెట్టాం.

వెదురు బద్దను వంచి బావ ఒక విల్లు చేశాడు. పాత హీటరు స్ప్రింగును సాగదీసి దానికి తీగగా కట్టాం. కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు డబ్బాను హైదరాబాదు నుంచి నేనే తెచ్చాను. దాంట్లోంచి రెండు లావుపాటి రాగి తీగలు బయటికి వచ్చి ఉన్నాయి. వాటిని విల్లుకు పోయే వైరుతో కలపాలి. ఆ పని బావది. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు అతికేటప్పుడు సాలెవాళ్ళు వేళ్ళకు బూడిద అద్దుకుని ఒక్క మెలితో కలిపేస్తారు. అతుకు ఎక్కడుందో తర్వాత కళ్ళకు కనిపించదు.

బావ ఆ రాగి తీగను రెండు వేళ్ళ మధ్య జారవిడిచి ఆగాడు.

"బామ్మర్ది, దీనికి గంజి పెట్టినట్టున్నది. నున్నగున్నది జూడు. జర బూడిద పెట్టి రుద్దుదామా?"

నేను పగలబడి నవ్వాను. "అక్కా, ఇన్నవా? మీ ఆయన రాగి తీగకు గంజి పెడ్తరంటాండు! రేపు దానికి నూలు లెక్క ఆసు కూడ పోస్తడు."

అక్క కూడా నవ్వింది. బావ తల వంచుకుని తీగను ఉన్నదున్నట్టే మెలిపెట్టాడు.

స్విచ్చి వేశాను. డబ్బా గుయ్యిమంది. విల్లు తీగ మాత్రం బావిగట్టు రాయిలా చల్లగా ఉంది.

మంగళవారం స్విచ్చి విప్పాను, మళ్ళీ బిగించాను. ప్లగ్గు మార్చాను. బుధవారం ఫ్యూజులో కొత్త తీగ వేశాను. వేస్తుంటే షాకు కొట్టి, గూటి కింద ఉన్న కిరసనాయిలు సీసా మీద పడ్డాను. సాయంత్రం బల్బు అగరుబత్తి మొనలా వెలుగుతుంటే, వోల్టేజీ లేదు, అదే కారణం అన్నాను. మర్నాడు పొద్దున బల్బు ధగధగా వెలిగింది. తీగ మళ్ళీ చల్లగానే ఉంది. ఆ వెలిగే బల్బును పగలగొట్టాలనిపించింది. ఇంకేమీ మిగలక నా చూపు అతుకుల మీద పడింది.

"ఇవి మగ్గం అతుకులు బావా! కరెంటుకు పనికి రావు. నీకెన్నిసార్లు చెప్పాలె, గట్టిగ చుట్టుమని?"

"గట్టిగనే చుట్టిన గదా."

"చుడితే ఎందుకు పోతలేదు? పోగులు గాదు ఇవి. దీనికి తెలివుండాలె."

ఆ మాట అన్నాను. అక్క చేటలో బియ్యం చెరుగుతూ ఒక్కసారి ఆగింది. "తమ్మీ, పెద్దోడు" అన్నది మెల్లగా. నేను వినిపించుకోలేదు. బావ అతుకులన్నీ విప్పి మళ్ళీ చుట్టాడు. ఆ రోజు నాలుగుసార్లు విప్పించాను. నాలుగోసారి రాగి కొస గుచ్చుకుని ఆయన బొటనవేలు చీరింది. మగ్గం మీద నాడె విసిరే చెయ్యి అది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

శుక్రవారం టార్చి బల్బు, రెండు బ్యాటరీలు తీసుకుని ఒక్కొక్క ముక్కనే పరీక్షించాను. ఈ పని సోమవారమే చేయాల్సింది. విల్లు తీగకు తగిలిస్తే బల్బు వెలిగింది. వైరుకు తగిలిస్తే వెలిగింది. డబ్బాలోంచి వచ్చిన రెండు కొసలకు తగిలిస్తే వెలగలేదు. అంటే డబ్బా లోపలే తెగిందన్నమాట. దుకాణంవాడు మోసం చేశాడని ఇల్లంతా వినిపించేలా తిట్టి, శనివారం మొదటి బస్సుకే డబ్బా చంకలో పెట్టుకుని హైదరాబాదు పోయాను.

దుకాణంలో ముసలాయన ఒకడు నా తిట్లన్నీ ఓపిగ్గా విన్నాడు. తర్వాత జేబులోంచి బ్లేడు తీసి, ఆ రాగి కొసను నాలుగుసార్లు గీకాడు. ఎర్రటి మెరుపు కింద ఇంకో మెరుపు బయటపడింది. రెండో కొసనూ గీకి బల్బు తగిలించాడు. అది వెలిగింది.

"పూత ఉంటది సాబ్, వార్నీసు. గీకకుంటే కరెంటెట్ల పోతది? చేతికి నున్నగ తెలుస్తలేదా?" అని నా వేళ్ళ వైపు చూశాడు. "ఏం పని జేస్తరు మీరు?"

పంతులునని చెప్పలేకపోయాను.

తిరుగు బస్సులో దారి పొడుగునా బావతో ఏమని చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. నల్లగొండలో దిగేసరికి చీకటి పడుతోంది. పానగల్లు ఇంటికి పోయేసరికి బావ నేల మీద కూర్చుని గడ్డం గీసుకునే బ్లేడుతో థర్మోకోల్ కోస్తున్నాడు. గుండ్లు సగ్గుబియ్యంలా రాలి ఆయన మీసాలకూ కట్టు కట్టిన వేలికీ అంటుకున్నాయి. అక్షరాల అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి. మధ్యాహ్నం మిల్లు వాళ్ళ మనిషి వచ్చి చూసి, "గివి వద్దు తియ్, కాయితం పూలతోని రాపిస్తం" అని పోయాడట. అయినా ఆయన కోస్తూనే ఉన్నాడు.

"ఏమన్నడు?" అని అడిగాడు.

"మార్చి ఇచ్చిండు. అది ఖరాబు డబ్బా." అన్నాను.

"పోనీ తియ్. అయితే నీ తప్పేం లేదు బామ్మర్ది" అన్నాడు. నా మనసు తేలిక చేయడానికి అన్నాడు.

స్విచ్చి వేస్తే తీగ ఎర్రబడింది. థర్మోకోల్‌లోంచి అది వెన్నలో వెంట్రుకలా పోయింది. బావ 'స్వా' కోశాడు. అంత నిండైన 'స్వా'ను నేను అచ్చులో కూడా చూడలేదు.

రెండు వారాల తర్వాత కేతేపల్లి నుంచి ఒకాయన బావను వెతుక్కుంటూ వచ్చాడు. బిడ్డ పెళ్ళికి పేర్లు కావాలట. గోడకు ఆనించిన ఆ 'స్వా'ను చూసి కళ్ళు పెద్దవి చేశాడు. నేను అక్కడే మంచం మీద కూర్చుని ఉన్నాను.

"నాతోని గాదన్నా" అన్నాడు బావ. "కోసుడు వస్తది గని, మళ్ళ చల్లబడ్డదనుకో, ఎక్కడ చెడిందో నాకు అంతు పట్టదు. మాట ఇచ్చి మళ్ళొకసారి తప్పలేను. దానికి తెలివుండాలె."

నా మాటే అది. ఎత్తిపొడుపు లేదు, నిజమని నమ్మే అన్నాడు. ఎక్కడ చెడిందో అందరికంటే ముందు నీ వేళ్ళకే తెలిసింది బావా అని ఒక్క మాట అంటే చాలు, ఆయన ఆ పని ఒప్పుకునేవాడు. ఆయన నా ముఖం వైపు చూశాడు కూడా, నేనేమన్నా అంటానేమోనని. నేను బయట రోడ్డు మీద పోతున్న బండి వైపు చూశాను.

కేతేపల్లి ఆయన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.