డ్రైవ్‌వే మీద ఆవకాయ ఉప్పు

ఆ రోజు పొద్దున్నుంచీ నా ముందు రెండు బొమ్మలు పందెం వేసుకున్నాయి. ఒకటి లాప్‌టాప్‌లో, రాడార్ మీద దక్షిణం నుంచి పైకి పాకుతున్న గులాబీ రంగు పట్టీ. రెండోది ఫోన్‌లో, గ్రీన్‌లాండ్ పక్కనుంచి మెల్లగా జరుగుతున్న చిన్న విమానం. ఆ గులాబీ పట్టీ ఫ్రీజింగ్ రెయిన్. ఆ విమానంలో మా ఆయన ఉన్నాడు. రెండూ షికాగోకే వస్తున్నాయి. ఏది ముందు చేరుతుందో చెప్పే మొనగాడు టీవీలో ఒక్కడూ లేడు.

మామూలు మంచు అయితే షికాగో పక్కనున్న మా నేపర్‌విల్‌లో ఎవరూ లెక్కచేయరు. పడుతుంది, తోసేస్తాం, ఆఫీసుకి పోతాం. ఇది అలా కాదు. పైన గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి వాన వానలాగే పడుతుంది. కింద నేల మాత్రం గడ్డకట్టి ఉంటుంది. చినుకు ఎక్కడ తగిలితే అక్కడే, ఆ క్షణమే ఐసయిపోతుంది. రోడ్డు తడిసినట్టు కనిపిస్తుందంతే, సంగతి కాలు పెట్టినవాడికే తెలుస్తుంది. విమానాలు ఆపేస్తారు, లేదంటే వేరే ఊరికి మళ్లిస్తారు.

ఆయన జూలైలో రెండు వారాలకని ఇండియా వెళ్లాడు. వాళ్ల నాన్నగారికి ఆపరేషన్. "డెలివరీకి ఇంకా రెండు నెలల టైముంది కదా, అలాగే పాస్‌పోర్ట్ మీద వీసా స్టాంపింగ్ కూడా చేయించుకుని వచ్చేస్తా," అన్నాడు. నాన్నగారు వారం తిరిగేసరికి లేచి నడిచారు. వీసా స్టాంపింగ్‌కి ఇచ్చిన పాస్‌పోర్ట్ మాత్రం తిరిగి రాలేదు. ఎప్పుడు చూసినా 'ప్రాసెసింగ్‌లో ఉంది' అన్న ఒకే మాట. సెప్టెంబర్‌లో పాప పుట్టింది. ఆయన హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో చూశాడు. అప్పటినుంచీ మా పాపకి నాన్నంటే నా అరచేతిలో పట్టేంత ముఖం. ఆయన రోజూ అందులోంచి నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేసేవాడు, అది బోసినోటితో నవ్వేది. పిల్లని ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. నాకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ ఆర్నెల్లూ అది అక్కణ్ణించి దిగనేలేదు.

చివరికి జనవరిలో పాస్‌పోర్ట్ చేతికొచ్చింది. మర్నాడే టికెట్ బుక్ చేశాడు. సరిగ్గా అప్పుడే ఈ తుఫాను బయల్దేరింది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మెటర్నిటీ లీవ్‌లో ఉన్నానన్న మాటే గానీ, రిలీజ్ రోజున స్క్రీన్ల ముందు కాపు కాసే అలవాటు ఎక్కడికి పోతుంది? డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, ఫోన్, టాబ్లెట్ వరసగా పెట్టుకుని కూర్చున్నాను. భయం లేదని అనను. కానీ నిజం చెప్పొద్దూ, ఒళ్లంతా హుషారుగా ఉంది. ఆర్నెల్లుగా ఏమీ కదలని చోట ఇప్పుడు అన్నీ కదులుతున్నాయి.

పక్కింటి ఆంటీ పప్పుచారు క్యారియర్‌తో వచ్చి పాపని చంకనేసుకున్నారు. గుంటూరు మనిషి, ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్లు. డెలివరీ రూమ్‌లో ఆయన నిలబడాల్సిన చోట నిలబడింది ఆవిడే.

"ఎందాకా వచ్చిందమ్మాయ్?"

"ఏది ఆంటీ, వానా, ఈయనా?"

"ముందు వాన సంగతి చెప్పు."

"స్ప్రింగ్‌ఫీల్డ్ దాటేసింది. అక్కడ ఐసు బరువుకి చెట్ల కొమ్మలు విరిగిపోతున్నాయంట."

"మరి అబ్బాయి?"

"కెనడా మీదున్నాడు."

"నువ్వు ఆ రెంటినీ కాస్కో. దీన్ని నేను చూసుకుంటా."

మధ్యాహ్నానికి గులాబీ పట్టీ మాకు దక్షిణాన ఉన్న ఊళ్లన్నీ మింగేసింది. విమానం లేక్ మిషిగన్ దగ్గరికొచ్చింది. ఇంకెంత, వచ్చేసినట్టే అనుకుంటున్నాను, ఆ బొమ్మ కాస్తా పక్కకి వంగి ఆ సరస్సు మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఆంటీ నా భుజం మీంచి వంగి చూశారు.

"ఇదేంటి, ప్రదక్షిణాలు చేస్తన్నాడు?"

"దిగనివ్వట్లేదు ఆంటీ. డెట్రాయిట్‌కి డైవర్ట్ చేస్తారేమో."

"డెట్రాయిట్‌లో దిగితే?"

"రోడ్లన్నీ ఐసే కదా. ఇంక రెండు మూడు రోజులదాకా రాలేడు."

ఆర్నెల్లు ఆగినదాన్ని, రెండు రోజులు ఆగలేనా? ఆగలేను. అప్పుడు నాకది స్పష్టంగా తెలిసింది. ఫోన్‌ని చూస్తూ పైకే తిట్టాను: దిగు, దిగవయ్యా బాబూ, ఎంతసేపు తిరుగుతావు! పాప నా ముఖంలోకి వింతగా చూసింది. మరో చుట్టు సగంలో ఉండగా విమానం బొమ్మ చుట్టు వదిలేసి తిన్నగా ఎయిర్‌పోర్ట్ వైపు తిరిగింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎత్తు తగ్గుతోంది, ఇంకా తగ్గుతోంది. ల్యాండెడ్! నా అరుపుకి పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది, ఆంటీ నన్ను కసిరారు. అప్పుడే వంటింటి కిటికీ మీద మొదటి చినుకులు టపటపమన్నాయి.

తర్వాత మెసేజ్‌లు. "ఇమిగ్రేషన్ లైన్‌లో ఉన్నా." ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నా గోళ్లు నేనే కొరుక్కున్నాను. "అయిపోయింది, బయటికొచ్చా." "క్యాబ్ దొరికింది, లైవ్ లొకేషన్ పెడుతున్నా." మ్యాప్‌లో నీలం చుక్క కదిలింది. హైవేల మీద ఐసు కరగడానికి ఉప్పు చల్లే లారీలు తిరుగుతున్నాయి కాబట్టి చుక్క మెల్లగానైనా వస్తోంది.

ఆ సంబరంలో ఎదురెళ్దామని తలుపు తీశాను. మా డ్రైవ్‌వే గుమ్మం దగ్గర్నుంచి రోడ్డుదాకా బాగా వాలుగా ఉంటుంది. అప్పటికే చీకటిపడింది, పోర్చ్ లైటు వెలుగులో అది కిందిదాకా తళతళలాడుతోంది. ఒక్క కాలు పెట్టానో లేదో జర్రున జారి కూలబడ్డాను. ఆంటీ గుమ్మంలోంచి తొంగిచూశారు.

"మూడ్రోజుల్నించి తుఫాను ఎక్కడుందో గంటగంటకీ చెప్తన్నావు గదా. వాకిట్లో చల్లే ఉప్పు కొన్నావా?"

కొనలేదు. ఇల్లినాయి రాష్ట్రం మొత్తం కనిపెట్టి ఉన్నాను గానీ, నా గుమ్మం ముందు సంగతి నాకు తట్టలేదు. షాపుల్లో ఐస్ కరిగించే ఉప్పు బస్తాలు ముందురోజే ఖాళీ. మా కాలనీ తెలుగు గ్రూప్‌లో అడిగాను. దండం పెట్టే బొమ్మలు వచ్చాయి గానీ ఉప్పు రాలేదు. ఆంటీ వాళ్ల బస్తా కూడా పొద్దున్నే అయిపోయిందట.

అప్పుడు గుర్తొచ్చింది. వంటింటి అలమరాలో అడుగున రెండు పెద్ద ప్యాకెట్ల కల్లుప్పు. ఇండియన్ స్టోర్‌కి మామిడికాయలు వచ్చినప్పుడు ఆవకాయకని కొన్నది. మా ఇంట్లో ముక్కలు కొట్టడం, ఉప్పూకారం కలపడం ఆయన పని. ఆయన అటు విమానం ఎక్కాడు, ఇటు కాయలు పండిపోయాయి, ఉప్పు అలాగే ఉండిపోయింది. రెండు ప్యాకెట్లూ బయటికి లాగాను.

"అయ్యో, ఉప్పు తొక్కగూడదే, లక్ష్మీదేవి!" అన్నారు ఆంటీ. క్షణం ఆలోచించి, "సర్లే, ఒక దణ్ణం పెట్టుకుని చల్లు," అన్నారు.

దణ్ణం పెట్టాను. మెట్టు మీద కూర్చుని ఒక ప్యాకెట్ గుప్పిళ్లతో చల్లుతూ, కూర్చునే కిందికి జరిగాను. ఐసు చిటపటమంటోంది. సగం దూరం వచ్చేసరికి ప్యాకెట్ ఖాళీ. ఒళ్లో ఉన్న రెండోది విప్పుదామనుకుంటుండగా కింద రోడ్డు మీద సూట్‌కేసు చక్రాల చప్పుడు.

క్యాబ్‌వాడు మా వీధిలోకి రానన్నాడట. గడ్డి అంచు పట్టుకుని నడుచుకుంటూ వచ్చి మా డ్రైవ్‌వే మొదట్లో నిలబడ్డాడు మా ఆయన. హైదరాబాద్ ఎండల్లో తిరిగే పల్చటి బూట్లు. చిక్కిపోయాడు. నన్ను చూసి చెయ్యి ఊపి ఒక్క అడుగు వేశాడు. సూట్‌కేసు వెనక్కి రోడ్డు మీదికి పోయింది, ఆయన దబ్బున కూర్చున్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చేసింది.

"నవ్వకు! పైకెలా రావాలో చెప్పు!"

"ఉండు, ఉప్పిస్తా!"

గుమ్మంలోంచి ఆంటీ కేక వేశారు. "చేతికివ్వబాక! ఉప్పు చేతికిస్తే గొడవలవుతయ్యి! ఆర్నెల్లకి ఇంటికొచ్చినోడితో మొదటిరోజే పోట్లాట దేనికి?"

"ఆయన అక్కడ, నేనిక్కడ, చేతికెలా ఇస్తాను ఆంటీ!"

రెండో ప్యాకెట్ మూతి విప్పి, రెండు గుప్పిళ్లు నా పక్కన పోసుకుని, మిగతాది ఐసు మీద పెట్టి ఒక్క తోపు తోశాను. అది సర్రున జారుకుంటూ వెళ్లి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. ఆయన కిందనుంచి చల్లుకుంటూ పైకి, నేను పైనుంచి చల్లుకుంటూ కిందికి. దగ్గరికొచ్చాక గుప్పిట విప్పి చూసుకున్నాడు.

"ఇది ఆవకాయ ఉప్పు కదూ?"

"అవును. కలిపేవాడేడీ మరి?"

ఇద్దరం ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, కరకరలాడే ఉప్పు మీద అడుగులో అడుగు వేస్తూ గుమ్మం చేరాం.

లోపలికి రాగానే పాప ఆయన్ని చూసి కింది పెదవి విరిచింది. ఏడవబోతోంది. ఆయన రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత నాలుకతో టక్ టక్ మనిపించాడు. పాప ఆగింది. నా చేతిలో ఉన్న ఫోన్ వైపు చూసింది. అందులో ఏమీ లేదు. టక్ టక్. ఈసారి మెల్లగా తల తిప్పి ఆయన నోటినే చూస్తూ ఉండిపోయింది. అంత పెద్ద ముఖం అది ఎప్పుడూ చూడలేదు మరి.

"ఎత్తుకో," అన్నాను.

"జారిపోతుందేమోనే. సోఫాలో పడుకోబెట్టు, అక్కణ్ణించి తీసుకుంటా."

ఆంటీ దగ్గర్నుంచి పాపని అందుకున్నాను. సోఫా రెండడుగుల దూరంలోనే ఉంది. పిల్లని మాత్రం చేతికే ఇచ్చాను.