పద్మిని డైనింగ్ రూములో సముద్రం

పద్మిని సముద్రాన్ని మొదటిసారి చూసింది విమానంలోంచి. పుట్టింది నంద్యాలలో, పెరిగింది నంద్యాలలో, పెళ్ళయ్యాక కొన్నాళ్ళు హైదరాబాదు, ఆ పైన తిన్నగా న్యూజెర్సీ. అలాంటి మనిషి క్రిస్మస్‌కి తన డైనింగ్ రూమును సముద్రతీరంలా అలంకరిస్తానని ఫోన్ చేసి చెబితే ఏమనాలి? నేను కాకినాడదాన్ని. చేపల రేవు గాలి పీలుస్తూ పెరిగినదాన్ని. సముద్రం సముద్రంలోనే ఉంటే బాగుంటుంది గానీ భోజనాల గదిలోకి ఎందుకే అన్నాను.

"నీకు చిన్నప్పట్నుంచీ ఉంది కదా హైమా, అందుకే లోకువ," అంది.

ఇది 1982 సంగతి. ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్ వదిలి కొత్త టౌన్‌హౌస్‌లోకి మారారు వాళ్ళు. భర్త శ్యామ్‌సుందర్ మందుల కంపెనీలో కెమిస్టు. కూతురు విద్య నాలుగో క్లాసు. మా ఇంటి నుంచి వాళ్ళ ఇంటికి గంట డ్రైవ్. మాకు చుట్టరికమేమీ లేదు, ఈ దేశంలో దిగిన మొదటి చలికాలంలో ఒకే లాండ్రీ రూములో బట్టలు ఆరేదాకా కూర్చుని కబుర్లు చెప్పుకున్న పరిచయం. అది చుట్టరికం కన్నా గట్టిది. విసుగు పుట్టించడంలోనూ చుట్టాలకి ఏమీ తీసిపోదు.

పద్మిని ఏ పని పట్టుకున్నా దాని అంతు చూడనిదే వదలదు. వచ్చిన కొత్తలో చలికి పెరుగు తోడుకోవడం లేదని గిన్నెను మొగుడి ఓవర్‌కోటులో చుట్టబెట్టి పడుకోబెట్టింది. తెల్లారి మంచు పడుతుంటే ఆయన స్వెట్టర్‌తో ఆఫీసుకి పోయాడు. జలుబుతో పడకేశాడు. పెరుగు మాత్రం గడ్డలా తోడుకుంది. "చూశావా?" అని నాకు ఫోను. చూశాను తల్లీ, చూశాను.

కానీ ఈ సముద్రం పిచ్చి వెనక ఒక కారణం ఉంది. అది తెలుసు గనకే నేను గట్టిగా కాదనలేకపోయాను.

అంతకు ముందు ఏడాది విద్య పుట్టినరోజుకి కింబర్లీ అనే క్లాస్‌మేట్ వచ్చింది. వంటింట్లో పద్మిని పులిహోరకి ఇంగువ పోపు వేస్తోంది. ఆ పిల్ల గుమ్మంలోనే ముక్కు మూసుకుని "ఏమిటీ కంపు?" అంది. చిన్నపిల్ల, తోచింది అనేసింది. కానీ ఆ రోజు నుంచి విద్య ఒక్క స్నేహితురాలినీ గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఆటలన్నీ బయట సైడ్‌వాక్ మీదే. కొత్తింటికి మారాక కూడా, స్కూలు కోటు ఇంట్లో తగిలిస్తే వాసన పడుతుందని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గరాజ్‌లో దాచుకునేది. ఆ సంచి చూసిన రోజున పద్మిని ఫోన్‌లో ఏడ్చింది. కూతురిని ఒక్క మాట అనలేదు. అనాల్సింది అని నేనంటాను, కానీ కన్నది నేను కాదుగా.

ఆ అక్టోబరులో పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఒక పత్రికలో బొమ్మ కనపడిందట. తెల్లటి గది, నీలం టేబుల్ క్లాత్, క్రిస్మస్ చెట్టు నిండా గవ్వలు, కొవ్వొత్తుల చుట్టూ ఇసుక. విద్య ఆ పేజీ మీదే చూపు పెట్టి, "ఇట్లా రూమ్ ఉంటే కింబర్లీని పిలుస్తా మామ్," అందట. అంతే. పద్మినికి అంతకన్నా ఏం కావాలి?

ఆ ఇంట్లో డైనింగ్ రూము అనేది పేరుకే. బియ్యం బస్తా, గ్రైండరు, తెలుగు సంఘం వాళ్ళ నాటకం కిరీటాలున్న సూట్‌కేసులూ అక్కడ కాపురం చేస్తుండేవి. వాళ్ళు తినేది వంటింటి బల్ల మీద. బస్తాతో సహా అన్నీ గరాజ్‌కి పోయాయి. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ముగ్గురూ బకెట్లు పట్టుకుని సముద్రం ఒడ్డుకి డ్రైవ్ చేశారు. ముందు రోజే పెద్ద తుఫాను వచ్చి వెళ్ళింది. చలిగాలిలో ఒడ్డున వీళ్ళూ పక్షులూ తప్ప ఇంకెవరూ లేరు. ఇసుక నిండా పిడికిలంత శంఖాలు, గుల్లలు, నక్షత్రాల్లాంటి చేపలు. ఇంత సరుకుని జనం ఏరుకోకుండా ఎందుకు వదిలేశారా అని వాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

తెచ్చి, బాత్‌టబ్‌లో సబ్బునీళ్ళు పోసి కడిగారు. పెద్ద శంఖాలు బల్ల మీద వరసగా, గుల్లలు దారాలతో చెట్టుకి, నక్షత్రం చెట్టు కొసన. ఒడ్డున దొరికిన చిరిగిన వల గోడకి. మిగిలినవి హీటర్ గట్టు మీద. శంఖమంటే లక్ష్మీదేవి తోబుట్టువు కదా, అన్నిటిలోకీ నున్నటిదానికి బొట్టు పెట్టి దేవుడి గూట్లో కూడా పెట్టింది.

క్రిస్మస్‌కి ముందు శనివారం కింబర్లీనీ, వాళ్ళమ్మనీ లంచ్‌కి పిలిచారు. వస్తామన్నారు. విద్య ఇల్లంతా గంతులు.

ఆ తర్వాత మొదలైంది వాసన.

"హైమా, మన వాసన మళ్ళీ వచ్చేసిందే," అని పద్మిని ఫోన్ చేసింది. మన వాసన అంటే నేనూ వంటింటిదే అనుకున్నాను. పోపు మానేసింది. పోలేదు. ఇంగువ డబ్బా పారేసింది. పోలేదు. ఎవరో ఇండియా నుంచి వస్తూ, సూట్‌కేసులో చీరల మధ్య దాచి తెచ్చిన ఆవకాయ జాడీని తీసుకెళ్ళి చెత్తకుండీలో వేసింది. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకేమైనా మతి పోయిందా? ఆవకాయ ఏం చేసిందే నిన్ను?"

"మూత తీస్తే చాలు ఇల్లంతా వస్తుంది కదా."

"మూత తియ్యకపోతే రాదు కదా!"

వినదు. కర్టెన్లు ఉతికింది. దాల్చినచెక్క, నారింజ తొక్కలు వేసి నీళ్ళు మరిగించింది. కార్పెట్ షాంపూ చేసి, తొందరగా ఆరాలని హీటర్ పెంచింది. వాసన రెట్టింపయింది. శ్యామ్‌సుందర్ సింక్ కింద గొట్టాలన్నీ విప్పి చూసి, ఏమీ దొరక్క మళ్ళీ బిగించాడు. ఇంటిల్లిపాదీ బ్రెడ్డూ, ఉడికించిన మాకరోనీ తిని బతుకుతున్నారు.

"వండితే కదా కంపు! వంట లేని ఇంటికి కంపు ఎక్కడిదండీ?" అని నాతో మొర పెట్టుకున్నాడు పాపం.

ఇక విద్య సంగతి. ముక్కు మూసుకుని, "మన ఇల్లు ఎప్పుడూ ఇంతే కదా, క్యాన్సిల్ చెయ్యి మామ్," అందట. ఆ రోజు పద్మిని నాతో అన్న మాట నేను మరిచిపోలేదు.

"గోడలన్నీ కడిగాను హైమా. గోడల్లో లేదు. మన ఒంటికే పట్టేసిందేమోనే."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. శనివారం పొద్దున్నే వస్తున్నానని చెప్పి పెట్టేశాను.

వెళ్ళి తలుపు తీసీ తీయగానే నాకు కాకినాడ గుర్తొచ్చింది. మామూలు కాకినాడ కాదు, ఎండాకాలం మధ్యాహ్నం అమ్ముడుపోని సరుకు మిగిలిపోయిన చేపల బజారు. ముక్కు పట్టుకుని తిన్నగా డైనింగ్ రూములోకి నడిచాను. బల్ల మీద శంఖం ఒకటి ఎత్తి వొంచితే నల్లటి నీళ్ళు నీలం గుడ్డ మీద కారాయి.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! లోపల నత్త కుళ్ళిపోయిందే!"

"నత్తేంటి?" అంది పద్మిని.

"శంఖంలో నత్త కాక ఏముంటుందనుకున్నావే?"

"ఏమీ ఉండదనుకున్నా. అది ఖాళీగానే పుడుతుందనుకున్నా."

తాతల నాటి నుంచి గుడ్డు కూడా ఎరగని ఇల్లు. బల్ల మీద, చెట్టు మీద, హీటర్ మీద, ఎక్కడ చూస్తే అక్కడ శవాలు. శ్యామ్‌సుందర్ మెల్లగా దేవుడి గూటి వైపు తలతిప్పి చూశాడు. బొట్టు పెట్టుకున్న శంఖం నిమ్మళంగా కారుతోంది. ఆయన మేడ మీదికి పరిగెత్తి, తలస్నానానికి తలుపేసుకున్నాడు. చుట్టాలొచ్చే వేళకి ఇంటి యజమాని షవర్ కింద!

కిటికీలన్నీ తెరిచి, నేనూ పద్మినీ చెత్తసంచుల్లోకి ఊడ్చేస్తున్నాం. ఇంతలో బెల్లు మోగింది. విద్య మెట్ల మీద నిలబడిపోయింది. ఎవరూ కదలకపోతే నేనే వెళ్ళి తలుపు తీశాను.

కింబర్లీ చెయ్యి పట్టుకుని వాళ్ళమ్మ ఒక అడుగు లోపల పెట్టి ఆగింది. గాలి పీల్చింది. పద్మిని చేతిలో సంచి చూసింది, సంచిలోంచి తొంగిచూస్తున్న నక్షత్రాన్ని చూసింది. పకపకా నవ్వింది. వాళ్ళూ ఒక ఏడాది ఇదే పని చేశారట. ఉడకబెట్టకుండా కారు డిక్కీలో వేసుకొస్తే వేసవంతా కారెక్కలేకపోయారట. ఆవిడ కోటు విప్పి ఇంకో సంచి అందుకుంది.

విద్య మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. రెండు చేతులూ పైకెత్తి గెంతింది.

"ఇట్స్ నాట్ అస్! మామ్, ఇట్స్ నాట్ అస్! మన స్మెల్ కాదు!"

పీడ పోయిందని పద్మిని కూడా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సంచి కింద పెట్టింది. కూతుర్ని తేరిపార చూసింది.

"మనదైతే?" అంది.

విద్య గెంతడం ఆపింది. "వాట్?"

"మన స్మెలే అయితే ఏమయ్యేది విద్యా? వీళ్ళని వెనక్కి పంపేదానివా? నన్ను పైన గదిలో దాచేదానివా?"

గట్టిగా అనలేదు. అయినా తెలుగు ముక్క రాని తల్లీకూతుళ్ళు కూడా చేతుల్లో పని ఆపేశారు. మీ అమ్మ ఏమందని కింబర్లీ విద్య చెయ్యి లాగింది. విద్య చెయ్యి విడిపించుకుంది.

"ఐ డోంట్ నో, అమ్మా," అంది.

ఆ పిల్ల అబద్ధం చెప్పనందుకు నేను లోలోపల సంతోషించాను. పద్మిని వెళ్ళి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు కంపు కొడుతున్నాయని పక్కకి చాపి ఉంచి, నుదురు మాత్రం పిల్ల నుదుటికి ఆనించింది.

"నాకూ తెలీలేదే," అంది. "ఒక్కసారైనా మనది కాదేమో అనుకోలేదు. వాసన రాగానే మనదే అనేసుకున్నా. మనింటివే తీసుకెళ్ళి పారేశా."

లేచింది. చేతులు కడుక్కుని, అందర్నీ వంటింటి బల్ల దగ్గరికి రమ్మని, చాలా రోజుల తర్వాత పోపుకి పొయ్యి వెలిగించింది.