సీరం ట్యూబు మీద లాస్య పేరు

2021 జూలైలో, కరోనా రెండో వేవ్ తగ్గుముఖం పట్టాక, విజయవాడలో నేను పనిచేసే ఆసుపత్రిలో నన్ను పిల్లల విభాగం ల్యాబుకు సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. పెద్దల కేసులు తగ్గాయి కదా, ఇక కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అనుకున్నాను. సరిగ్గా అప్పుడే పిల్లలు రావడం మొదలైంది. జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, దద్దుర్లు, కడుపునొప్పి. ఆర్‌టీపీసీఆర్ చేస్తే నెగటివ్. యాంటీబాడీలు మాత్రం బోలెడు. అంటే వైరస్ కొన్ని వారాల కిందటే వచ్చి పోయింది, ఒంట్లోని రక్షణ వ్యవస్థ మాత్రం పోరాటం ఆపలేదు. దొంగ పారిపోయాక కాపలావాళ్లు ఇంట్లోవాళ్లనే చితకబాదినట్టు.

ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే సీఆర్‌పీ, గుండె మీద ఒత్తిడి చెప్పే బీఎన్‌పీ, ఈ రెండు పరీక్షలూ రోజూ చేసేవాళ్లం. మా వృత్తిలో రోగి ముఖం కనిపించదు. ట్యూబు మీద పేరు, వయసు, ఆసుపత్రిలో చేరినప్పుడిచ్చే ఐపీ నంబరు, అంతే. లాస్య, ఏడేళ్లు. ఆ పిల్ల నాకు పరిచయమైంది అలాగే.

వాళ్ల నాన్న శ్రీనివాసరావు గారికి హనుమాన్ జంక్షన్‌లో పంక్చర్ షాపు. వార్డులోకి తల్లిని మాత్రమే రానిచ్చేవారు కాబట్టి, ఆయన రోజూ పొద్దున్నే మా రిపోర్టు కౌంటర్ దగ్గర నిలబడేవారు. నాకూ వార్డులో పని లేదు. ఆ పిల్లని చూడలేని ఇద్దరం కిటికీకి చెరోపక్క.

"మా కొట్లో ట్యూబు నీళ్లల్లో ముంచితే బుడగ ఎక్కడొచ్చిందో నాకన్నా ముందు లాస్యే పట్టేసిద్దండీ" అని చెప్పేవారు. పెరుగు లేందే ముద్ద ముట్టదని కూడా చెప్పారు. వింటూ వింటూ ఆ పిల్ల మీద బెంగ పెట్టుకున్నాను.

నాలుగో రోజు సీఆర్‌పీ సగానికి పడింది. రిపోర్టుకు అర్థం చెప్పడం టెక్నీషియన్ పని కాదు. "డాక్టర్ గారిని అడగండి" అనాలి. మాస్కు పైన ఆయన కళ్లు చూసి ఉండబట్టలేక, "సగానికి తగ్గిందండీ" అనేశాను.

గంటలో పిల్లల డాక్టరు పద్మజ గారు ల్యాబులోకొచ్చారు. "ఏం చెప్పారండీ ఆయనకి? తగ్గిపోయింది, మా పూచీ మీద తీసుకెళ్తాం అంటున్నారు. నేను చెబితే వినట్లేదు, మీరే చెప్పండి" అన్నారు. సీఆర్‌పీని దించింది వార్డులో ఇస్తున్న స్టెరాయిడ్. గుండెకు తీసే స్కాన్, ఎకోలో చూస్తే గుండె ఇంకా నీరసంగానే కొట్టుకుంటోందట. మెషీన్ చూస్తే, ఆ రోజు బీఎన్‌పీ నిన్నటికంటే పెరిగి ఉంది. ఇంటికెళ్లాక పిల్లకేమైనా అయితే? బయటికి పరిగెత్తాను.

గేటు దగ్గర ఆయన ఆటో మాట్లాడుతున్నారు.

"తగ్గిందన్నారుగా మేడం?"

"వాపు తగ్గిందండీ. గుండె ఇంకా కుదుటపడలేదు. అది చూడకుండా చెప్పడం నాదే తప్పు. నా మాట నమ్మి తీసుకెళ్తానన్నారు కదా, ఆ నమ్మకంతోనే ఇంకో నాలుగు రోజులు ఉంచండి."

ఆయన ఆటో పంపించేశారు.

తర్వాత బీఎన్‌పీ మెల్లగా దిగుతూ వచ్చింది. ఓ సోమవారం లాస్య పేరుతో ట్యూబు రాలేదు. ఆయనా రాలేదు. ట్యూబు రాకపోవడానికి మా దగ్గర రెండే కారణాలు. వార్డుకు ఫోన్ చేయడానికి మధ్యాహ్నం దాకా ధైర్యం చాలలేదు. పొద్దున్నే డిశ్చార్జి అయిందట, తన కాళ్ల మీదే నడిచి వెళ్లిందట. ఎంత సంతోషమో. ఒక్కసారి చూడనైనా లేదే అని అంత దిగులు కూడా.

ఇప్పుడు రిటైరయ్యాను. ఏలూరు వెళ్లే బస్సు హనుమాన్ జంక్షన్‌లో ఆగినప్పుడల్లా, పంక్చర్ షాపుల ముందు నీళ్ల తొట్టి దగ్గర ఆడపిల్ల ఎవరైనా ఉందేమోనని చూస్తాను. ఎదురుపడినా గుర్తుపట్టలేను. అయినా చూస్తాను.

ఈ సంఘటన నాకు నేర్పింది ఒకటే. ఒక్క పరీక్షలో తగ్గితే రోగికి తగ్గినట్టు కాదు, అందుకే రిపోర్టు ఇచ్చేవాళ్లు దానికి అర్థం చెప్పకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే ఈ నియమం నాకు చెప్పారు. ఒంటబట్టడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అందుకు నేను పణంగా పెట్టింది ఓ ఏడేళ్ల పిల్ల గుండెని.