తూముకు వేసిన బండ

మొగులప్ప తాండూరు శివారు గనుల్లో ముప్పై ఒక్క ఏళ్లు నాపరాళ్లు కొట్టాడు. బండను తట్టి, చప్పుడును బట్టి దానిలో నర, అంటే పగిలే గీత, ఎక్కడుందో చెప్పగలడు. దుమ్ముకు ఊపిరితిత్తులు చెడ్డాక, పట్టణానికి ఎగువన కొత్తగా తవ్విన వరద కుంటకు కాపలాదారుగా కుదిరాడు.

ఆ కుంట నీళ్లు దాచడానికి కాదు. కుండపోత వానను పట్టి ఉంచి, దిగువ కాలనీ కాలువ మోయగలిగినంతే వదలడానికి. దాన్ని డిజైన్ చేసిన ఇంజనీరు పద్మారాణి అడుగున ఒకే తూము పెట్టింది: నలభై అయిదు సెంటీమీటర్ల పైపు, తలుపు లేదు. నాలుగు మీటర్లు నిండినా పన్నెండు, పదమూడు గంటల్లో దానంతటదే ఖాళీ అవుతుంది. ఖాళీగా ఉండటమే దాని పని అని ఆమె మొగులప్పకు రెండుసార్లు చెప్పింది.

అతడు విన్నాడు. కానీ కంది చేలు వాడిపోతున్న ఆగస్టులో, పడిన ఒక్క వాన కళ్లముందే కాలువ పాలవుతుంటే ఓర్చుకోలేకపోయాడు. నర ఉందని పాలిషింగ్ యూనిట్ వాళ్లు పారేసిన బండను తెచ్చి, అంచులు చెక్కి, గోడ వెంట తూము మీదికి జార్చాడు. నీటి ఒత్తిడే దాన్ని అతికించింది. చుక్క కారలేదు. నీరు రెండు మీటర్ల అరవై దగ్గర నిలిచింది.

నాలుగో రోజు ఉదయం పదకొండింటికి పద్మారాణి వికారాబాద్ నుంచి ఫోన్ చేసింది.

"కాకా, నాలుగింటికెల్లి పెద్ద వాన ఉందంటున్నరు. కుంట ఖాళీనే కద?"

"లేదు మేడం. తూముకు బండేసిన. నీళ్లు పోతుంటే పానం ఒప్పలే."

ఆమె నీటి మట్టం ఎంతో అడిగి లెక్క కట్టింది. "బండను నీళ్లు మూడు వందల డెబ్బై కిలోల బరువుతోటి ఒత్తుతుంటయి. నువ్వు లోపటికి దిగకు. అది కదిల్తే నిన్ను గుంజుకుంటది. గంటన్నరల వస్త."

కాలనీ చివరి వరుసలో మొగులప్ప ఇల్లు. గడప కాలువ అంచుకు మూరెడు ఎత్తు. అతడు అక్కడి నుంచి పదహారడుగుల ఇనుప గని చువ్వ, సమ్మెట తీసుకొని, భార్య నాగవ్వను వెంటబెట్టుకొని వచ్చాడు.

"ఊరికి నీళ్లు దాస్తున్నవా, మనింట్లకే తెస్తున్నవా? మంచమెక్కి కూసోమంటవా నన్ను?"

"తర్వాత తిట్టు. చువ్వ పట్టు."

గనిలోనూ ఆమే చువ్వ పట్టేది. గోడ మీద నిలబడి, బురద నీటిలోకి దించి, బండ పై అంచును వెతికారు. చువ్వతో అంచు పొడవునా తడుతూ అతడు దానికి చెవి ఆనించాడు. ఎడమ మూల నుంచి జానెడు దూరంలో చప్పుడు మారింది.

"గీడనే నర. కదిలియ్యకు."

ఆరు దెబ్బలు. ఏమీ కాలేదు. దగ్గుతో వంగిపోయాడు.

"ఇటియ్యి, నేనేస్త."

"నువ్వు పట్టుడే పట్టు."

తొమ్మిదో దెబ్బకు కింద బండ పగిలి, చువ్వ ఆమె చేతుల్లోంచి జారింది. నీటి మీద చిన్న సుడి లేచింది. పన్నెండూ అయిదు నిమిషాలు.

పద్మారాణి వచ్చేసరికి నీరు రెండు మీటర్ల నలభై. నాలుగింటికి, తొలి చినుకులప్పుడు, తొంభై సెంటీమీటర్లు. ఆపై గోడకు గీసిన కొలబద్ద మీది అంకెలు ఒక్కొక్కటే మునిగాయి. రెండు. మూడు. ఏడింటికి మూడు మీటర్ల ఎనభై. నాలుగు దాటితే పొర్లేది కాలనీలోకే.

"ఇంకెంతుంది?" నాగవ్వ అడిగింది.

"జానెడు."

వాన పలచబడింది. ఇరవై నిమిషాలు ముగ్గురూ అదే గీతను చూశారు. అప్పుడు నీటి పైన, గోడ మీద, వేలెడు బురద చార బయటపడింది.

పద్మారాణి రిజిస్టరు తెరిచింది. "తూము మూసిందెవరని రాయాలె కాకా."

"నా పేరే రాయుండ్రి మేడం," అన్నాడు మొగులప్ప, చార మీద నుంచి చూపు తిప్పకుండా.