తమ్మునికి పెట్టే మాత్రలు

పోయిన గురువారం ఉదయం మా కింది వాటాలో ఉండే టీచరమ్మ ఆస్పత్రిలో కన్నుమూశారు. కబురు ఆమె తమ్ముడే ఫోన్లో చెప్పాడు. "అక్క పాయప్పా" అన్నాడు. ఆ వెంటనే, "నేనిచ్చిన కిడ్నీనే బాగలేదేమో" అన్నాడు. ఆ రెండో మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

యలహంక పాతవూళ్ళో మా వీధి పిల్లలందరికీ లెక్కలు నేర్పింది ఆమే. కోపం ముక్కు మీదే ఉండేది. మా అమ్మాయి ఎక్కాలు తప్పితే నన్ను కిందికి పిలిపించి మరీ చివాట్లు పెట్టారు. రిటైరయ్యాక కిడ్నీలు చెడిపోతే తమ్ముడు తనదొకటి ఇచ్చాడు. దాన్ని ఒళ్ళు తోసేయకుండా రోజూ రెండు పూటలా మాత్రలు వేసుకోవాలి. అవి తన మాత్రలని ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు.

"నావి కాదప్పా, మా తమ్మునికి పెట్టే అన్నం. వాడు తిన్నాంకనే నాకు కాఫీ" అనేవారు. వాటికో స్టీలు డబ్బా, బీపీ మాత్రకు ఇంకోటి. మేం నవ్వుకునేవాళ్ళం. ఆ మురిపెంలో ప్రమాదం ఉందని ఎవరికీ తట్టలేదు.

మొన్నామధ్య కొత్త క్లినిక్‌లో రక్తపరీక్ష చేసి కొలెస్ట్రాల్ ఎక్కువుందన్నారు. వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడిగితే, "బీపీకి ఒకటి" అని చెప్పి కొత్త మాత్ర రాయించుకుని వచ్చేశారు. కిడ్నీ మాట ఎత్తనే లేదు. ఇదంతా తర్వాత ఆమే నాకు చెప్పారు.

కొన్ని వారాలకే తొడలు పట్టేశాయి. "వయసయిపాయె కదప్పా" అని కొట్టిపారేశారు. మూత్రం డికాషన్ రంగులో వచ్చేసరికి తమ్ముడు ఆటోలో వేసుకుని పరుగెత్తాడు.

విడివిడిగా రెండూ మంచి మందులేనని కిడ్నీ డాక్టరమ్మ మాకు విడమరిచి చెప్పింది. టీచరమ్మ వాడే కిడ్నీ మాత్ర ఈ కొలెస్ట్రాల్ మాత్రను ఒంట్లోంచి పోనివ్వదట. అది పేరుకుపోయి కండరాలు చితికిపోయాయి, ఆ చెత్తంతా కిడ్నీ మీద పడింది. "నన్నొక్క మాట అడిగుంటే వేరే రకం, తక్కువ మోతాదులో ఇచ్చేదాన్ని" అని డాక్టరమ్మ తల పట్టుకుంది.

టీచరమ్మ మంచం మీంచి నా చెయ్యి పట్టుకున్నారు. "మావానికి చెప్పప్పా. వాడిచ్చింది బంగారట్ల ఉండాది. చెడగొట్టుకునింది నేనే." అప్పుడే వెళ్ళి చెప్పాను. ఊరడించడానికి అంటున్నానని అనుకున్నాడు. నాకు ఆమె మీద కోపం కూడా వచ్చింది. అంత ప్రేమ ఉన్న మనిషి ఆ ఒక్క ముక్క డాక్టరుకు చెప్పి ఉండకూడదా?

సమాధి దగ్గర మట్టి వేస్తుంటే టీచరమ్మ అన్న మాటే మళ్ళీ తమ్ముని చెవిలో చెప్పాను.

"నిజంగా అనిందా?"

"నా చెయ్యి పట్టుకుని అన్నారు."

తలూపాడు. మట్టి వేసిన చేత్తోనే ఎడమ పక్క నడుము తడుముకున్నాడు. అందరూ గేటు దాటుతున్నా అతను కదల్లేదు. తెల్లచొక్కా మీద, కుట్లు పడిన చోట, ఎర్రమట్టి వేళ్ళు అయిదూ అచ్చుపడి ఉన్నాయి.