అక్క పాఠంలో టిక్కు

తమ్ముడికి వేగం పిచ్చి. మంచినీళ్లు కూడా ఒక్క గుక్కలో తాగుతాడు. యంత్రానికీ ప్రోగ్రాములకూ మధ్య కూర్చుని పెత్తనం చేసే కెర్నెల్‌ను సానబట్టి కంప్యూటర్లను పరిగెత్తించడం అతని ఉద్యోగం. ఆఫీసులో అతన్ని రాకెట్ అంటారు. సగం మెచ్చుకోలు, సగం వెటకారం.

అక్క వేరు. మెట్ల కింద గదిలో గోడలకు పాత పరుపులు కొట్టించి, చూపు లేని పిల్లల బడికి పాఠాలు చదివి రికార్డు చేస్తుంది. ఆమె కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని తమ్ముడే అడక్కుండా తలదూర్చాడు. అందులో డిస్కు కార్డూ సౌండు కార్డూ ఒకే దారిలో డేటా పంపుకోవాలి. ఆ దారి పేరు బస్. వంతు వచ్చిన కార్డు దాన్ని ఎంతసేపు పట్టుకోవచ్చో చెప్పే అంకె ఒకటుంటుంది. డిస్కు అంకెను పెంచగలిగినంత పెంచాడు. ఫైళ్ల కాపీ పరుగందుకుంది. రాకెట్ కాలర్ ఎగరేశాడు.

వారం తిరక్కుండానే రికార్డింగులో టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. బడివాళ్లు పాఠాలు తిప్పి పంపారు. తర్వాతి పాఠంలోనూ వినిపిస్తే వేరేవాళ్లను చూసుకుంటామన్నారు.

తమ్ముడు వచ్చి మైకు వైరు మార్చాడు. ప్లగ్గుది తప్పన్నాడు, గోడది తప్పన్నాడు, ఆఖరికి అక్క చెవులను కూడా వదల్లేదు. ప్రతిసారీ నడుస్తున్నవన్నీ ఆపేసి, ఒక్క మైకునే పరీక్షించేవాడు. దేన్ని కొలిచినా ఒంటరిగా కొలవాలన్నది అతని పనిలో అలవాటు. అలా కొలిస్తే చప్పుడు రాదు.

"నువ్వుంటే బుద్ధిగా ఉంటుందిరా," అంది అక్క. "చిన్నప్పుడు నాన్న ముందు నువ్వున్నట్టే."

"సరే, నేను లేననుకో. రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి."

ఆమె నిన్నటి పాఠాన్ని పక్క డిస్కుకు కాపీ పెట్టి, అది సాగుతుండగానే మైకు ముందు కూర్చుంది. పొయ్యి మీద ఒకటి ఉడుకుతుంటే ఇంకోటి తరుక్కునే మనిషి. రెండో వాక్యంలోనే టిక్కు.

తమ్ముడు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. డిస్కు దారి వదలడం లేదు. అక్క గొంతు వంతు కోసం నిలబడి, మధ్యమధ్యలో రాలిపోతోంది. తప్పు గోడదీ కాదు, చెవులదీ కాదు.

అంకెను పాతచోటికి దించాడు. కాపీ ఆపకుండానే మళ్లీ చదవమన్నాడు. శుభ్రంగా వచ్చింది. సాయంత్రం బడి నుంచి కబురొచ్చింది: పాఠం బాగుంది, తర్వాతది పంపండి.

"కాపీ మళ్లీ నెమ్మదైందేంట్రా?"

"నేనే తగ్గించా. చెడగొట్టిందీ నేనే."



"మరి నా చెవులు?"

"బాగానే ఉన్నాయిలే."

"అయితే నువ్వు పీకేసిన పాత వైరు తెచ్చివ్వు. ఈ కొత్తది కురచ. మెడ పట్టేస్తోంది."

దాన్ని పీకిన రోజే చెత్తబుట్టలో పారేసిన సంగతి చెప్పడానికి మాత్రం రాకెట్‌కు చాలాసేపు పట్టింది.