ట్రిగ్గరు మీది వేలు

సౌదీలో, ఖోబర్‌లో మా ఫ్లాటు పక్కన కొత్త భవనం లేస్తోంది. పొద్దున్నే కంప్రెసర్ గుర్రుమంటుంది. ఆ వెనకే, దాని గాలితో నడిచే నెయిల్ గన్ టప్ టప్‌మని చెక్కలోకి మేకులు దించుతుంటుంది. ఆ చప్పుడు వినగానే నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే చాపుకుంటుంది. మా ఆవిడ చూసి నవ్వుతుంది. ఆ అలవాటు నాకు రాజన్న పెట్టి వెళ్లాడు.

రాజన్నది జగిత్యాల వైపు. జుబైల్‌లో మా కంపెనీ ఫోర్‌మన్. కాంక్రీటు పోసేముందు చెక్కలు బిగించే వడ్రంగులందరికీ పెద్ద. నేను తెనాలి నుంచి వచ్చి, సామాన్లు కొనే గుమాస్తాగా కొత్తగా చేరాను. అంతా తెలుసనుకునే వయసు. నెయిల్ గన్లు కొనమన్నప్పుడు డీలరు రెండు రకాల ట్రిగ్గర్లు చూపించాడు. గన్ ఒకటే, ధరా ఒకటే. ఏది కావాలో కొనేవాడి ఇష్టం. మొదటిదానిలో ట్రిగ్గరు నొక్కిపట్టి ఉంచితే చాలు, గన్ మూతి దేనికి తగిలితే దానిలోకి మేకు దిగుతుంది. రెండోదానిలో ప్రతి మేకుకీ వేలు తీసి మళ్లీ నొక్కాలి. పని నెమ్మది, ప్రమాదం తక్కువ. ఆ రోజు రాజన్న ఇకామా, అదే నివాస అనుమతి, కాగితాల పని మీద వెళ్లాడు. నేను పొద్దున్నే రెండూ పట్టుకెళ్లి వడ్రంగులనే అడిగాను. అందరూ వేగంగా పోయేదే కావాలన్నారు. ఆర్డరు పెట్టేశాను.

"నన్నొక్క మాట అడగకపోయినవా తమ్మీ?" అన్నాడు రాజన్న మర్నాడు.

"పనిచేసేవాళ్లనే అడిగాను రాజన్నా. అంతకంటే ఏం కావాలి?" అన్నాను. నా న్యాయబుద్ధికి నేనే మురిసిపోయాను కూడా.

మూడో వారంలో మల్లయ్య అనే వడ్రంగి నిచ్చెన దిగుతుంటే గన్ మూతి తొడకు తగిలింది. వేలు ట్రిగ్గరు మీదే ఉంది. మేకు మోకాలి పైన దిగిపోయింది. ఆస్పత్రిలో తీశారు, కాలు దక్కింది. మేనేజరు మాత్రం మల్లయ్యదే అజాగ్రత్త అని రాసి, ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపేద్దామన్నాడు. మల్లయ్య వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆ రిపోర్టు రాసే పని నాకే అప్పజెప్పారు.

మర్నాడు రాజన్న నన్ను నిచ్చెనెక్కించి చెక్కలు బిగించే చోటికి తీసుకెళ్లి గన్ చేతికిచ్చాడు. "రిపోర్టు రాసెటోనివి, జర పని గూడ చెయ్యి" అన్నాడు. ఆ ఎండలో సాయంత్రం దాకా మేకులు కొట్టించాడు. మణికట్టు మొద్దుబారింది. తను ముందు కిందికి దిగి, కాసేపాగి, "సాలు, దిగు" అని పిలిచాడు. గన్ పట్టుకునే నిచ్చెన దిగాను.

"వేలు చూస్కో" అన్నాడు.

నా వేలు ట్రిగ్గరును గట్టిగా నొక్కే ఉంది. గన్ మూతి నా తొడను రాసుకుంటోంది. చటుక్కున వేలు తీసేశాను.

"భయపడకు. నిన్ను పిలువకముందే కింద గాలి పైపు ఊడదీసిన. పొద్దుగాల అడిగితె అందరం ఉషారుగనే ఉంటం తమ్మీ. దిగేటప్పుడు అడగాలె. మల్లయ్యది అజాగ్రత్తయితె, నీది గూడ రాయి."

రిపోర్టులో తప్పు నాదని రాశాను. "వాళ్లే కోరుకున్నారుగా, నీకెందుకయ్యా?" అని మేనేజరు విసుక్కున్నాడు. నాకు వార్నింగ్ లెటరు వచ్చింది. గన్లన్నిటికీ ట్రిగ్గర్లు మార్పించారు. మల్లయ్య కుంటుకుంటూ మళ్లీ పనిలోకొచ్చాడు.

రాజన్న ఊరికి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కంపెనీలో కొనుగోళ్లన్నీ నావే. ఏ పనిముట్టు కొనాలన్నా సాయంత్రం బస్సు కోసం నిలబడ్డవాళ్ల చేతికిచ్చి అడుగుతాను. తిట్టుకుంటారు. తిట్టుకోనీ. ఒక్క మాట మాత్రం ఇన్నాళ్లూ ఎవరితోనూ చెప్పుకోలేదు. నాకు నేర్పేముందు రాజన్న గాలి తీసేశాడు. మల్లయ్యకు నేను ఆపాటి దయ కూడా చూపలేదు.